తుర్కాన్ షొరాయ్ షరతులు: నటిని కాపాడాయా, కట్టేశాయా?

చలిచీమ:
టర్కీ సీరియళ్ళ గురించి ఇక్కడ రోజూ కొట్టుకుంటాం గానీ వాళ్ళ పాత సినిమాల గురించి ఎవరూ ఎత్తలేదు. మనకి సావిత్రి 'మహానటి' అయినట్టు వాళ్ళకి తుర్కాన్ షొరాయ్ 'సుల్తాన్'. 1945లో ఇస్తాంబుల్‌లో పుట్టింది. 1960లో, పదిహేనేళ్ళకే తెర మీదికొచ్చింది. రెండొందల పైచిలుకు సినిమాలు. మనం ఫిల్మ్‌నగర్ అన్నట్టు వాళ్ళు యెషిల్చామ్ అంటారు. సినిమా కంపెనీలుండే వీధి పేరే మొత్తం పరిశ్రమకి పేరైంది.

విషయానికొస్తా. పెద్ద స్టార్ అయ్యాక ఈవిడ కొన్ని షరతులు పెట్టింది. ముద్దు సీన్లుండవు, బట్టలు విప్పే సీన్లుండవు, ఆదివారం పనిచేయను, కథ ముందే నా చేతికి రావాలి. జనం వీటికి 'షొరాయ్ చట్టాలు' అని పేరెట్టారు. 1982లో 'మినె' సినిమాతో తనే వాటిని పక్కన పెట్టింది. ఇంతకీ ఆ షరతులు ఆమెకి మేలు చేశాయా, కీడు చేశాయా?

రీలుపిచ్చోడు:
కీడే. డౌటే లేదు. పాత్రకి ఏం కావాలో డైరెక్టర్ చెప్పాలి, నటి కాదు. 'మినె' చూడండి. చిన్న ఊరు, స్టేషన్ మాస్టర్ భార్య, పడని కాపురం, ఊళ్ళో మగాళ్ళందరి కళ్ళూ ఆమె మీదే. ఆ సినిమాలోనే ఆమె నిజమైన నటి అయింది. అంతకుముందున్నది బొమ్మ. పెద్ద కళ్ళు, కాటుక, కన్నీళ్ళు. షరతులు లేకపోతే ఆ నటి పదిహేనేళ్ళ ముందే బయటికొచ్చేది.

నల్లకుంట_నాని:
బొమ్మ అంటవేందన్నా, గా కళ్ళు చూసినవా అసలు 😀

చలిచీమ:
రీలుపిచ్చోడు గారూ, అంతకుముందు బొమ్మేనా? 1962లో మెతిన్ ఎర్క్‌సాన్ తీసిన 'అజి హయాత్'కి 1964లో అంతాల్యా నగరంలో జరిగిన మొదటి సినిమా ఉత్సవంలోనే ఉత్తమ నటి అయింది. 1968లో లుత్ఫీ అకాద్ 'వెసికలీ యారిమ్'లో రాత్రి క్లబ్బులో పనిచేసే సబిహా. ఒక కూరగాయల కొట్టువాణ్ణి ప్రేమిస్తుంది, అతనికి పెళ్ళాం పిల్లలున్నారని తెలిసి తప్పుకుంటుంది. అందులో ఆమె ఎంత తక్కువ చేసిందో చూడండి, చెయ్యకుండా ఎంత చెప్పిందో చూడండి. 1977లో అతిఫ్ యిల్మాజ్ తీసిన 'ఎర్రరుమాలు పిల్ల' (అసలు పేరు 'సెల్వి బొయ్‌లుమ్ అల్ యజ్మాలిమ్') సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇవన్నీ 'మినె'కి ముందువే.

రీలుపిచ్చోడు:
1962కి షరతులే లేవు కదమ్మా. మీరే నా పాయింటు ఒప్పుకున్నారు.

చలిచీమ:
1977కి ఉన్నాయి కదా?

రీలుపిచ్చోడు:
ఒక్క సినిమా పట్టుకుని వాదించకండి.

వాణి_వెనక:
మీరిద్దరూ నటన నటన అంటున్నారు. ఎవరి గొంతుతో? యెషిల్చామ్‌లో సినిమాని మూగగా తీసి తర్వాత స్టూడియోలో మాటలు కలిపేవాళ్ళు. పెద్ద తారల్లో చాలామందికి వేరేవాళ్ళే చెప్పేవాళ్ళు. తుర్కాన్‌కి చెప్పినవాళ్ళలో అదాలెత్ జిమ్‌జోజ్ ఒకరు. ఆవిడ రచయిత కాఫ్కాని టర్కిష్‌లోకి అనువదించిన మనిషి, ఇస్తాంబుల్‌లో ఆర్ట్ గ్యాలరీ నడిపిన మనిషి. ఆవిడ పేరు ఈ చర్చలో ఎవరికైనా తెలుసా?

మాస్టారు:
అమ్మా వాణీ, మంచి మాట చెప్పారు. అయితే చలిచీమ గారి ప్రశ్నకి నేను కథ వైపు నుంచి వస్తాను, కాస్త ఓపిక పట్టండి. 'ఎర్రరుమాలు పిల్ల' కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్‌మాతోవ్ కథ. మూలంలో కథ చెప్పేది మగవాళ్ళు. లారీ డ్రైవర్ తన గోడు తను చెప్పుకుంటాడు. టర్కీవాళ్ళు దాన్ని ఆడమనిషి మనసులోంచి చెప్పించారు. డ్రైవర్ ఇల్యాస్ (కదిర్ ఇనానిర్) ఇంకొకామె వైపు పోయేసరికి, అతని భార్య ఆస్యా (తుర్కాన్) బిడ్డని తీసుకుని వెళ్ళిపోతుంది. చెంషిత్ (అహ్మెత్ మెకిన్) ఆ బిడ్డని సొంత కొడుకులా పెంచుతాడు. కొన్నేళ్ళకి ఇల్యాస్ తిరిగొస్తాడు. ఆమె గుండె ఇంకా అతని వైపే లాగుతుంది, అయినా చెంషిత్ దగ్గర ఉండిపోతుంది. ప్రేమంటే ఏమిటి అని తనని తానే అడుక్కుని, ప్రేమంటే పడ్డ కష్టమే అనుకుంటుంది. ఆ మాట టర్కీలో సామెత అయిపోయిందంటారు. ఆ చివరి సీన్లో ముద్దు ఉంటే ఏం పెరిగేది? ఆమె ఇద్దరి వంకా చూస్తుంది, అంతే.

గోదారి_గట్టు:
ఇల్యాస్‌కే వెళ్ళాల్సింది. ప్రేమించినోణ్ణి వదిలి జాలి పడ్డోడితో ఉంటే అది కాపురమా.

నల్లకుంట_నాని:
జాలి కాదు బ్రదర్, పోరగాన్ని పెంచిండు.

వాణి_వెనక:
మాస్టారూ, ఆ సినిమాని నడిపేది చూపు ఒక్కటే కాదు. ఆస్యా లోపలి మాటలు. ఆ రోజుల్లో అసలు ఏ గొంతు ఎవరిదని కూడా ఎవరూ అడగరు. నా బాధ అదే.

రీలుపిచ్చోడు:
గొంతు గోల ఆపుతారా కాసేపు? చర్చ షరతుల మీద.

వాణి_వెనక:
ఆపను. పదకొండేళ్ళు డబ్బింగ్ చెప్పాను. నేను గొంతిచ్చిన ఒక హీరోయిన్‌కి అవార్డొచ్చింది. ఫంక్షన్‌కి నాకు పాస్ కూడా పంపలేదు. టైటిల్స్‌లో పేరు వేయమని అడిగితే మేనేజర్ ఏమన్నాడో తెలుసా? "షరతులు పెట్టే స్థాయికి వచ్చాక పెడుదువులేమ్మా" అన్నాడు. అందుకే షరతులు పెట్టగలిగిన వాళ్ళ గొప్పతనం వింటుంటే నాకు నవ్వొస్తుంది.

చలిచీమ:
వాణి గారూ, మీకు జరిగింది అన్యాయం. కానీ దానికి తుర్కాన్ ఏం చేసింది? 1970ల మొదట్లో అక్కడ ఏడాదికి మూడొందల దాకా సినిమాలు తీసేవాళ్ళు. తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది, కుటుంబాలు హాళ్ళకి రావడం మానేశాయి, నిర్మాతలు బూతు కామెడీలకి ఎగబడ్డారు. చాలామంది తారలు సినిమా వదిలి పాటల కచేరీలకి పోయారు. ఆ రొచ్చులో కాలు పెట్టకుండా 1978లో 'సుల్తాన్' చేసింది ఈవిడ. నలుగురు పిల్లల తల్లి, మురికివాడలో ఉండే పనిమనిషి. షరతులు లేకపోతే ఏ పోస్టర్ మీద తేలేదో!

రీలుపిచ్చోడు:
అదే కాలపు ఇంకో పెద్ద తార ఫత్మా గిరిక్ ఏ చట్టాలూ ప్రకటించలేదు, ఆవిడా బాగానే నిలబడింది, తర్వాత ఇస్తాంబుల్‌లోని షిష్లీకి మేయర్ కూడా అయింది. ఆదివారం రాను, కథ మార్చాలి అంటే దాన్ని కళ అనరు, పెత్తనం అంటారు. నేను ప్రొడక్షన్‌లో పద్నాలుగేళ్ళుగా ఉన్నా. ఒక హీరోయిన్ (పేరు వద్దు) ఆరు దాటితే సెట్లో ఉండనంది. ఆ ఒక్క కారణానికి సెట్ రెండు రోజులు ఎక్కువ అద్దెకి ఉంచాం. ఆ డబ్బు నా జీతంలో కోశారు. మీరు చప్పట్లు కొడుతున్నారు, బిల్లు కట్టింది నేను.

చలిచీమ:
కోసింది హీరోయిన్ కాదు కదా, మీ నిర్మాత. ఆయన్ని అడగలేక ఆమె మీద పడ్డారు.

రీలుపిచ్చోడు:
ఆఫీసులో ఏసీ కింద కూర్చుని చెప్పడం తేలికే.

చలిచీమ:
ఏసీ కిందే. రాత్రి తొమ్మిది తర్వాత కాల్స్ పెట్టకండి, పాపని పడుకోబెట్టాలి అని ఒక్కసారి అడిగాను. "తను ఫ్లెక్సిబుల్ కాదు" అని రివ్యూలో రాశారు. ఆ ఏడాది హైక్ లేదు. అందుకే మీరు 'పెత్తనం' అన్న ప్రతిసారీ నాకు ఆ రివ్యూ కనపడుతుంది.

మాస్టారు:
ఒక్క మాట. ఇది తుర్కాన్ గురించి కాదని ఇప్పుడు తెలుస్తోంది. అయినా ఆమె గురించి ఇంకొకటి చెప్తాను. 1972లో 'దొనుష్' తనే డైరెక్ట్ చేసింది. మొగుడు జర్మనీకి కూలికి పోతాడు, పల్లెలో పెళ్ళాం ఎదురుచూస్తుంటే ఆసామి వెంటపడతాడు. మా రాజోలు వైపు మస్కట్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళు ఎరిగినవాణ్ణి కనక ఆ సినిమా నాకు పరాయిదిగా అనిపించలేదు. 1981లో యషార్ కెమాల్ నవలని కూడా తీసింది. షరతులు పెట్టే మనిషే కెమెరా వెనక్కి వెళ్ళి బాధ్యత కూడా ఎత్తుకుంది, అది గమనించండి.

లైటు_బాయ్:
నేను మామూలుగా ఇక్కడ రాయను. ఒక డౌటు. ఆమె ఆదివారం రానంటే ఆ రోజు మిగతా యూనిట్‌కి సెలవా?

చలిచీమ:
హీరోయిన్ లేకపోతే షూటింగే ఉండదుగా. అందరికీ సెలవే అవుతుంది.

రీలుపిచ్చోడు:
ఉండదని ఎవరన్నారు? ఆమె లేని సీన్లు పెట్టుకుంటాం. విలన్ డెన్, ఫైట్లు, ప్యాచ్‌వర్క్. టర్కీలో ఎలా చేసేవాళ్ళో నాకు తెలీదు, ఇక్కడైతే అంతే.

వాణి_వెనక:
నేను పొద్దున్నుంచి చెప్తున్నది ఇదే. ఆమె ఆదివారం ఆమెకే. మన ఆదివారం ఎవరూ కాగితం మీద రాయలేదు.

చలిచీమ:
అయితే ఆమె అడక్కుండా ఉండాల్సిందా? ఒకరికైనా దొరికింది కదా. అడగొచ్చని మిగతావాళ్ళకి తెలిసింది కదా.

లైటు_బాయ్:
తెలిస్తే సరిపోదు మేడం, నేను అడిగితే రేపట్నుంచి వేరేవాడొస్తాడు.

గోదారి_గట్టు:
ఇల్యాస్ మాత్రం పాపం.

మాస్టారు:
రీలుపిచ్చోడు గారూ, ఇంతసేపూ 'మినె' మీదే నిలబడ్డారు. చివర్లో మినె ఊరు ఊరంతా చూస్తుండగా ఏం చేస్తుందో, అది షరతు తెంచుకున్న నటి పనిలా ఉందో, ఇన్నాళ్ళూ షరతు పెట్టుకున్న మనిషి పనిలాగే ఉందో మీరు చెప్పండి.

రీలుపిచ్చోడు:
...సగమే చూశా మాస్టారూ. దొరికిన కాపీలో సబ్‌టైటిల్స్ లేవు.

నల్లకుంట_నాని:
😂😂😂

చలిచీమ:
సబ్‌టైటిల్స్ ఉన్న కాపీ నా దగ్గరుంది. పంపిస్తా. ఈ ఆదివారం చూసి చెప్పండి.

రీలుపిచ్చోడు:
ఆదివారం షూటింగ్ ఉంది.