నత్సుమే ఇంటి ఓదార్పు: కుటుంబం ఇచ్చిందా, యోకైలు ఇచ్చాయా?

లాంతరు

కుటుంబం చుట్టూ అల్లిన ఫాంటసీ మాంగా, అంటే జపాన్ బొమ్మల కథలు, చదివితే మనసు కుదుటపడుతుందని చాలామంది అంటారు. ఎందుకని అడిగితే, వాటిలో ఆప్యాయతలు బాగుంటాయనే జవాబు వస్తుంది. ఆ జవాబు చాలదని నా వాదన. ఆప్యాయతే కావాలంటే దయ్యాలూ శాపాలూ లేని ఇంటి కథలు జపాన్ మాంగాలో కొల్లలు. అయినా ఓదార్పు కోసం పాఠకులు మళ్ళీ మళ్ళీ తెరిచేది ఫ్రూట్స్ బాస్కెట్, నత్సుమే యూజిన్‌చో లాంటివే. అంటే అక్కడ పని చేస్తున్నది కల్పనే.

తకాయా నత్సుకి 1998 నుంచి 2006 దాకా 'హనా తో యుమే' పత్రికలో నడిపిన ఫ్రూట్స్ బాస్కెట్ 23 సంపుటాలు. సోమా వంశంలో కొందరిని, ఏడాదికో జంతువు పేరుండే 12 ఏళ్ళ చక్రంలోని జంతువులు, వాటితోపాటు పిల్లి, ఆవహించి ఉంటాయి. వాళ్ళలో మగవాళ్ళను బయటి ఆడవాళ్ళు, ఆడవాళ్ళను బయటి మగవాళ్ళు కావలించుకుంటే చాలు, ఆ మనిషి జంతువైపోతాడు. "నన్నెవరూ దగ్గరికి తీసుకోలేదు" అని మామూలు కథలో ఒక పాత్ర చెప్పుకుంటే అది ఫిర్యాదులా వినిపిస్తుంది. ఇక్కడ చెప్పుకునే అవసరమే లేదు. పొగ లేస్తుంది, కుర్రాడు నిలబడ్డచోట ఎలుక ఉంటుంది. నోరు విప్పి చెప్పుకోలేని లోటు కంటికి కనిపించిపోతుంది.

మిదోరికావా యుకి 2003లో మొదలుపెట్టిన నత్సుమేదీ ఇదే దారి. తల్లిదండ్రులు పోయిన నత్సుమే తకాషికి యోకైలు, అంటే జపాన్ జానపదాల్లోని వింత ప్రాణులు, కనిపిస్తాయి. పక్కవాళ్ళకు కనిపించవు. యోకైల పేర్లు రాసి ఉన్న ఒక పుస్తకం అతని దగ్గర ఉంటుంది, ఆ పేర్లను వాటికి తిరిగిచ్చేస్తుంటాడు. అబద్ధాలాడతాడన్న పేరుతో ఒక బంధువు ఇంటి నుంచి ఇంకో బంధువు ఇంటికి మారుతూ పెరుగుతాడు. తన బాధను ఎవరూ నమ్మని పిల్లవాడి స్థితిని ఇంతకంటే తిన్నగా చూపించే మార్గం నాకు తెలియదు. మీరేమంటారు?

వానాకాలం

లాంతరు గారూ, యోకైలు గాయాన్ని చూపిస్తాయన్నది ఒప్పుకుంటాను. కానీ గాయం కనిపించినంత మాత్రాన ఓదార్పు రాదు. అది వచ్చేది ఇంటి గడప దగ్గర.

జపాన్ ఇళ్ళలో బయటికి వెళ్ళేవాళ్ళు "ఇత్తెకిమాస్" అంటారు. మాటకు మాట పెడితే వెళ్ళి వస్తాను అని. ఇంట్లోవాళ్ళు "ఇత్తెరష్షాయ్" అంటారు, వెళ్ళి రా అని. తిరిగొచ్చి "తదైమా" అంటే "ఒకాయెరి" అని జవాబు. ఇంగ్లీషు అనువాదంలో మొదటిది మామూలుగా "నేను బయల్దేరుతున్నా" అయిపోతుంది, తిరిగి రావడమన్నది రాలిపోతుంది. తెలుగువాళ్ళకు దీన్ని విప్పి చెప్పక్కర్లేదు. "వెళ్తున్నాను" అంటే పెద్దవాళ్ళు నొచ్చుకుని "వెళ్ళొస్తాననాలి" అని దిద్దే ఇళ్ళు మనవి.

ఫుజివారా దంపతులు, తోకో గారూ షిగెరు గారూ, నత్సుమేని చివరికి తమ ఇంట్లో ఉంచుకున్న దూరపు బంధువులు, పిల్లల్లేనివాళ్ళు. యోకైతో పెనుగులాడి నత్సుమే మురికి బట్టలతో గుమ్మంలోకి వస్తే తోకో గారు పలకరిస్తారు, అన్నం వేడిగా ఉంటుంది. అంతకుముందు ఏ ఇంట్లోనూ తిరిగిరావడానికి హక్కు లేని పిల్లవాడికి ఆ పలకరింపే ఇల్లు. యోకైలన్నిటినీ తీసేసి ఈ గడపను మాత్రం ఉంచండి, ఓదార్పు మిగులుతుంది. గడప తీసేసి యోకైలను ఉంచితే మిగిలేది దయ్యాల కథ.

చింతచెట్టు

ఇద్దరూ ఒక పక్క నుంచే చూస్తున్నారు. ఆ గుమ్మంలో అన్నం పెట్టే తోకో గారికి నత్సుమే యోకైలను చూస్తాడన్న సంగతే తెలియదు. స్నేహితులు తనుమా, తాకీలకు తెలుసు, భూతవైద్యుడు నతోరికి తెలుసు. ఇంట్లోవాళ్ళకు మాత్రం చెప్పడు. అసలు సంగతి దాచుకుంటేనే నిలిచే ఇల్లు ఏం ఓదార్పు?

ఫ్రూట్స్ బాస్కెట్ ఇంకా బరువు. కుందేలు ఆవహించిన మొమిజిని వాళ్ళమ్మ భరించలేకపోతుంది. ఆ బిడ్డ జ్ఞాపకాలను చెరిపేయమంటుంది, ఆ వంశంలోని వైద్యుడు హతోరి చెరిపేస్తాడు. తర్వాత ఆమెకు మొమో అనే కూతురు. అన్న ఉన్నాడని ఆ పిల్లకు తెలియదు. మొమిజి తల్లిని దూరం నుంచి చూస్తాడు, ఆమె దృష్టిలో అతనెవరో పరాయి పిల్లవాడు. ఇక వంశపెద్ద అకితో. హతోరికి ఒక కంటిచూపు దాదాపు పోవడానికి కారణం, అదే వంశంలోని ఇసుజు అనే అమ్మాయి కిటికీలోంచి పడడానికి కారణం. చివరికి శిక్ష అంటూ ఏదీ పడదు.

ఇలాంటి ఇంటినుంచి వచ్చిన పాఠకులు దీన్ని ఓర్చుకోమనే సలహాగా చదువుకునే ప్రమాదం ఉంది. "ఎంతైనా కన్నవాళ్ళు కదా, సర్దుకుపో" అన్న మాట మన ఇళ్ళలో ఎంత సులువుగా వస్తుందో అందరికీ తెలుసు. ఓదార్పు పేరుతో ఆ మాటకే ఇంకో బలం చేరకూడదు.

పుటలు

చింతచెట్టు గారి భయం న్యాయమైనదే. అయితే నకిలీ ఇల్లు ఏదో, నిజమైన ఇల్లు ఏదో ఈ మాంగాలే తేల్చి చూపిస్తాయి. గొతౌగె కొయొహారు 2016 నుంచి 2020 దాకా రాసిన డీమన్ స్లేయర్‌లో నతగుమో కొండ ఘట్టం గుర్తు తెచ్చుకోండి. రూయి అనే రాక్షసుడు మిగతా రాక్షసులను పోగేసి ఒకరిని తండ్రి, ఒకరిని తల్లి, ఒకరిని అన్న, ఒకరిని అక్క అని నిలబెడతాడు. తన శక్తిలో కొంత పంచి ఇస్తాడు. పాత్ర సరిగ్గా పోషించకపోతే హింస. వరసలన్నీ ఉన్నాయి, కలిపి ఉంచేది భయం. ఎదురుగా తంజిరో, రాక్షసిగా మారిన చెల్లెలు నెజుకోను పెట్టెలో పెట్టి వీపున మోసే అన్న. రెండు పుటల తేడాలో ఈ రెండిళ్ళూ పక్కపక్కన కనిపిస్తుంటే ఏది కుటుంబమో పాఠకుడికి ఎవరూ వివరించక్కర్లేదు.

ఫ్రూట్స్ బాస్కెట్‌లోనూ పిల్లి ఆవహించిన క్యోకి ఆసరా కన్నతండ్రి కాదు. ఆ తండ్రి భార్య చావుకు కొడుకే కారణమంటాడు. పెంచి, విద్య నేర్పింది కజుమా. క్యో చేతి పూసల దండ లాగేసి, వికృతమైన అసలు రూపాన్ని కథానాయిక తోరు ముందు బయటపెట్టించేది కూడా ఆయనే. దాచుకుంటూ బతకడం చాలని తేల్చిన తండ్రి అతను. సర్దుకుపొమ్మనే కథ ఇలా రాయదు.

ఇంకో సంగతి. ఈ పుస్తకాల్లో తమకేమీ అనిపించలేదనే వాళ్ళలో కొందరికి చదివే తీరే అడ్డం. నత్సుమే మొదట వచ్చింది 'లలా డీఎక్స్'లో, రెండు నెలలకోసారి వెలువడే పత్రిక. అందుకే ప్రతి కథా దానికదే పూర్తవుతుంది, ప్రతిసారీ నత్సుమే ఎవరో, ఆ పుస్తకం ఏమిటో మొదట్లోనే మళ్ళీ చెబుతుంది. ఒక్క బిగిన పది కథలు లాగించేస్తే ఆ పునరుక్తి విసుగు పుట్టిస్తుంది, కథలన్నీ ఒకే ముద్దలా తోస్తాయి. రోజుకు ఒకటి, మహా అయితే రెండు చాలు. ఫోనులో ఒక్కో పుట విడివిడిగా చూస్తే ఎదురెదురు పుటల మీద పరిచిన బొమ్మ రెండు ముక్కలవుతుంది. ఫోను అడ్డంగా తిప్పి రెండు పుటలూ కనిపించేలా పెట్టుకోండి, కుడినుంచి ఎడమకు.

పేరు తిరిగిచ్చే చోట ఇది బాగా తెలుస్తుంది. పుస్తకం తెరిస్తే పుటలు వాటంతటవే తిరుగుతాయి, ఒకటి నిటారుగా నిలుస్తుంది. నత్సుమే దాన్ని చింపి పెదాల మధ్య పట్టుకుంటాడు, చేతులు చరిచి కలుపుతాడు, ఊపిరి వదులుతాడు. కాగితం మీది అక్షరాలు ఊడి యోకై వైపు ప్రవహిస్తాయి. బొమ్మల గళ్ళ గీతలు పల్చబడి తెల్ల జాగా పెరుగుతుంది, మాటలు తగ్గుతాయి. వేలితో గబగబా తోసేస్తే ఆ తెల్ల జాగా పని చేయదు.

వానాకాలం

చింతచెట్టు గారూ, దాపరికం గురించి. తోకో గారిని నత్సుమే ఎప్పుడూ "అమ్మా" అనడు, "తోకో-సాన్" అంటాడు. ఆమె అతన్ని "తకాషి-కున్" అంటారు. ఆ దూరాన్ని రచయిత్రి ఎన్ని సంపుటాలైనా తొందరపడి చెరపలేదు. తెలుగులోకి తెచ్చేవాళ్ళకు ఇక్కడే చెయ్యి జారుతుంది. మనం పెద్దవాళ్ళను ఏదో ఒక వరస కలపకుండా పిలవం కదా, అలవాటుగా "పిన్నీ" అనో "అత్తయ్యా" అనో రాసేస్తారు. దాంతో మొదటి పుటలోనే బంధం కుదిరిపోతుంది, ఇక కథకు ఎక్కాల్సిన మెట్టే ఉండదు. "తోకోగారూ" అని ఉంచడమే సరి. వరస ఇంకా కుదరని ఇంట్లో వేడి అన్నం దొరకడం, నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైనది అదే. తల్లి అనిపించుకోకుండానే ఆమె పెడుతుంది.

చింతచెట్టు

పిలుపు గురించి మీరన్నది ముందు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. దాచడం అక్కడ భయం ఒక్కటే కాదు, మొదటిసారి పోగొట్టుకోవడానికి ఏదో ఉండడం కూడా. కజుమా విషయంలోనూ పుటలు గారు చెప్పింది సబబే.

అకితో విషయంలో మాత్రం మెత్తబడను. శాపం వీడడం వేరు, చేసినదానికి జవాబు చెప్పడం వేరు. ఎవరికైనా ఓదార్పు కోసం ఫ్రూట్స్ బాస్కెట్ ఇచ్చేముందు అందులో పిల్లల మీద హింస ఉందని, తల్లి ఆత్మహత్య ఉందని చెప్పి ఇవ్వండి. 2001 నాటి 26 భాగాల యానిమే, అంటే కదిలే బొమ్మల టీవీ ధారావాహిక, చూసి తేలికపాటి కథ అనుకుని మాంగా మొదలుపెట్టేవాళ్ళున్నారు. అది కథ మధ్యలోనే ఆగింది, బరువంతా ఆ తర్వాతే.

లాంతరు

ఆ హెచ్చరిక అవసరమే. మొదలుపెట్టేవాళ్ళకు నేనైతే నత్సుమే మొదటి కథ ఇస్తాను, మన వాదం మొత్తం అందులో ఉంది. యోకైల పేర్లున్న ఆ పుస్తకం నత్సుమేకి అమ్మమ్మ రేకో నుంచి వచ్చింది. ఆమె కూడా ఒంటరి పిల్ల, యోకైలతో పందెం కాసి గెలిచి పేర్లు రాయించుకుంది, తర్వాత పిలవలేదు. హిషిగాకి అనే ఒంటికన్ను యోకైకి ఆమె ఒకరోజు ఒక మంజూ, ఆవిరి మీద ఉడికించిన తీపి ఉండ, పెట్టింది. ఆకలి తీర్చిన మనిషి ఎప్పుడు పిలుస్తుందా అని ఆ యోకై ఏళ్ళ తరబడి కాచుకుని ఉంది. పేరు తిరిగి చేతికొచ్చాక కూడా అది అడిగేది తన గురించి కాదు, రేకో గురించి.

వానాకాలం గారూ, అక్కడా ఉన్నది అన్నమే. పెట్టించుకున్నది మాత్రం యోకై.