స్లీప్ ఆప్నియా ఉన్నవారి పక్కన నిద్రించేవారి ఆరోగ్యం గురించి మీ అనుభవాలు తెలుపగలరు

సగంనిద్ర:
మా వారికి స్లీప్ ఆప్నియా తీవ్రస్థాయిలో ఉందని ఇటీవల తేలింది. నిద్రలో గంటకు 30 సార్లకు పైగా శ్వాస ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందని రిపోర్టులో ఉంది. చికిత్స అంతా ఆయన చుట్టూనే సాగుతోంది, అది సమంజసమే. కానీ ఏళ్ల తరబడి ఆయన పక్కనే పడుకుంటున్న నాకు లేవగానే తలనొప్పి, మధ్యాహ్నానికల్లా కళ్లు మూతలు పడటం, చిన్న మాటకే విసుగు అలవాటైపోయాయి. నిజానికి గురక కంటే అది హఠాత్తుగా ఆగినప్పుడే నాకు ఎక్కువగా మెలకువ వస్తుంది. ఆయన పెద్దగా ఎగశ్వాసతో మళ్లీ గాలి పీల్చుకునేదాకా నేనూ ఊపిరి బిగబట్టి వింటూ ఉంటాను. ఇలా ఇంకెవరికైనా జరుగుతోందా?

మూడోజాము:
మీది అపోహ కాదండీ. మేయో క్లినిక్ పరిశోధకులు 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పది జంటలను ఒకే రాత్రి పరీక్షించారు. సగం రాత్రి గడిచాక రోగికి సీప్యాప్ (శ్వాసదారి మూసుకుపోకుండా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) పెట్టగానే, పక్కనున్న వారి నిద్రలో గంటకు సుమారు 21 సార్లు కలిగే అంతరాయాలు 12కు తగ్గాయి. పడుకున్న సమయంలో నిజంగా నిద్రపోయిన భాగం 74 శాతం నుంచి 87 శాతానికి పెరిగింది. పది జంటలంటే తక్కువే అయినా, చికిత్స ఒకరికి జరిగితే నిద్ర ఇద్దరికీ మెరుగుపడిందన్నది గమనించదగ్గ విషయం.

నిశీధి:
ఇయర్‌ప్లగ్‌లు వాడమని అందరూ సులువుగా చెప్పేస్తారు. మా వారి ఊపిరి వినిపించకపోతే భయం ఇంకా ఎక్కువై, నేను వాటిని తీసేసేదాన్ని. వేరే గదిలో పడుకున్నా ఇదే బాధ. అయితే చికిత్స మొదలయ్యేదాకా కొన్ని రాత్రులైనా విడిగా పడుకోవడంలో తప్పు లేదని, ముఖ్యంగా పొద్దున్నే బండి నడపాల్సినవారు నిద్రను పణంగా పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

సగంనిద్ర:
సీప్యాప్ వచ్చాక మాస్కులోంచి వచ్చే గాలి నా ముఖానికే తగులుతోంది నిశీధి గారూ. దానికేమైనా మార్గం ఉందా?

నిశీధి:
వదిలిన గాలి బయటకు పోవడానికి మాస్కుకు సన్నని రంధ్రాలు ఉంటాయి, వాటిని మూయకూడదు. గాలి పలచగా చెదిరేలా చేసిన మాస్కులు దొరుకుతాయి, అడిగి చూడండి. బుస్సుమనే చప్పుడు అంచుల దగ్గర వస్తుంటే మాత్రం అది లీకు కావచ్చు, సైజు సరిచూపించండి.

మూడోజాము:
ఒక మాట చేర్చాలి. మా ఆవిడకు సీప్యాప్ పెట్టి గురక పూర్తిగా తగ్గాక కూడా, ఏళ్ల అలవాటు వల్ల నాకు అర్ధరాత్రి మెలకువ వస్తూనే ఉండేది. అది నిద్రలేమిగా మిగిలిపోయిందని వైద్యులు చెప్పి, మందుల కంటే ముందు ప్రవర్తనా చికిత్స సూచించారు. మెలకువ వచ్చి నిద్ర పట్టకపోతే మంచం దిగడం, ఎంత ఆలస్యంగా నిద్రపోయినా ఒకే వేళకు లేవడం మొదట్లో కష్టమనిపించినా నాకు పనిచేశాయి. కాబట్టి ఈసారి మీ వారితో వెళ్లినప్పుడు, మీరు చూసిన శ్వాస విరామాల గురించి చెప్పడంతోపాటు, మీ తలనొప్పి, పగటి మగత సంగతి కూడా విడిగా చెప్పి, మీ రక్తపోటు చూపించుకోండి.