వెల్ష్ పాటల్లో డీ-ఎస్సర్ 'స'తో పాటు ఇంకో శబ్దాన్నీ మింగేస్తోంది

వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఒక రాక్ బ్యాండ్‌కి వెల్ష్ (అక్కడి భాష) ఆల్బమ్ రికార్డ్ చేస్తున్నాను. సూపర్ ఫర్రీ యానిమల్స్ అనే వేల్స్ బ్యాండ్ వాళ్లు 2000లో సుమారు 6,000 పౌండ్లతోనే వెల్ష్ ఆల్బమ్ చేశారని బ్యాండ్ వాళ్లు తెగ గుర్తుచేస్తుంటారు. మా దగ్గర అందులో పదో వంతు కూడా లేదు, అందుకే స్టూడియో బదులు చాపెల్ వెనక గది. డ్రమ్స్, గిటార్లు బాగానే వచ్చాయి. చిక్కంతా గొంతుతోనే.

వెల్ష్‌లో రెండు ఎల్‌లు పక్కపక్కన వస్తే, నాలుకను 'ల' చోటే ఉంచి పక్క నుంచి గాలి ఊదుతారు. లానెల్లి ఊరి పేరులో ఇది రెండుసార్లు వస్తుంది. డీ-ఎస్సర్ (గుచ్చుకునే 'స' శబ్దాన్ని తగ్గించే టూల్) దీన్ని 'స' అనుకుని నొక్కేస్తోంది. 6.5 కిలోహెర్ట్జ్ దగ్గర 6 డీబీ తగ్గిస్తే 'స' మెత్తబడుతోంది, కానీ ఎల్‌లు నత్తిగా వినిపిస్తున్నాయి. సింగర్ ఒప్పుకోవడం లేదు, సొంత భాష మరి. డీ-ఎస్సర్ తీసేస్తే కోరస్‌లో రెండూ చెవిలో గుచ్చుతున్నాయి.

కండెన్సర్ మైక్ బదులు ఎస్ఎమ్58 (డైనమిక్ మైక్) పెట్టాను, గొంతు గిటార్ల కింద మునిగిపోయింది. మైక్ 30 డిగ్రీలు పక్కకు తిప్పితే ఎల్‌లు ఇంకా పెరిగాయి, గాలి వచ్చేదే పక్క నుంచి కాబోలు. డీ-ఎస్సర్‌ను కంప్రెసర్‌కు (గొంతు హెచ్చుతగ్గులను తగ్గించేది; 4:1, అటాక్ 3 మిల్లీసెకన్లు) ముందూ వెనకా పెట్టి చూశాను, తేడా లేదు. చేత్తో వాల్యూమ్ ఆటోమేషన్ గీస్తే ఒక పాట కుదిరింది గానీ, డబుల్ ట్రాక్ కోరస్‌లతో ఆల్బమ్ మొత్తం అలా చేసే టైమ్ లేదు.

వాడేది రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్), 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. ప్లగిన్లు కొనలేం. రీపర్‌లో ఉన్నవాటితోనే, 'స'ను మాత్రం పట్టుకుని ఈ ఎల్‌లను వదిలేసేలా సెట్ చేయడం ఎలా?