అప్‌డేట్: ‘స్పిటల్’ అంటే ఏంటో తెలిసింది

పాత ఇంగ్లీషు కథలో ‘స్పిటల్’ అనే మాట చూసి, ఉమ్మికి సంబంధించినదా అని అడిగాను కదా. కాదు, ఆస్పత్రే! ‘హాస్పిటల్’లో మొదటి అక్షరం రాలిపోయి మిగిలిన రూపం. ‘స్పిటిల్’ అనీ రాసేవారు, ఇంగ్లీషులో ఉమ్మినీ అలాగే అంటారు, నా అయోమయం అక్కడే. మూలం లాటిన్ ‘హోస్పెస్’, అంటే అతిథి. అప్పట్లో అవి పేదలకు, బాటసారులకు, కుష్ఠు రోగులకు ఆశ్రయాలు కూడా. లండన్‌లో 1197లో పెట్టిన సెయింట్ మేరీ స్పిటల్‌ను ఎనిమిదో హెన్రీ కాలంలో మూసేశారు. దాని పొలాల పేరే నేటి లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ ప్రాంతానిది. నాకు బాగా నచ్చింది మాత్రం, మన ‘ఆస్పత్రి’ కూడా ఆ కుటుంబంలోదే కావడం. ఓపిగ్గా చెప్పినవాళ్లకు చాలా థాంక్సండీ.