ఈఈ వదిలేసి ఈఈటీలో చేరితే పిల్లాడికి నష్టమా?

టెక్సాస్_నాన్న
అందరికీ నమస్కారం. మావాడికి కమ్యూనిటీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ టెక్నాలజీ అసోసియేట్ డిగ్రీ ఈ మేలో అయిపోతుంది. తర్వాత బ్యాచిలర్స్‌కి రెండు దారులు కనిపిస్తున్నాయి. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ టెక్నాలజీ (ఈఈటీ)లో చేరితే క్రెడిట్లు దాదాపు అన్నీ తీసుకుంటాం అన్నారు, ఇంకో రెండేళ్లలో అయిపోతుంది. మామూలు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ (ఈఈ) అయితే వాడు చదివింది క్యాలిక్యులస్ లేని ఫిజిక్స్ కాబట్టి అది మళ్లీ చదవాలి, సర్క్యూట్స్ మళ్లీ చెయ్యాలి, లెక్కలు మొదట్నుంచీ, ఎంత లేదన్నా మూడున్నరేళ్లు. వాడికేమో ల్యాబ్ అంటే ప్రాణం, మోటార్లూ ప్యానెళ్లూ అంటే తిండి కూడా మర్చిపోతాడు. కానీ బంధువుల్లో ఒకాయన అది టెక్నీషియన్ చదువు, ఇంత దూరం వచ్చి పిల్లాడిని టెక్నీషియన్ చేస్తావా అన్నారు, ఆ మాట విన్నప్పట్నుంచి మా ఆవిడకి నిద్ర లేదు. ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

కెపాసిటర్
కష్టమైనా ఈఈనే చేయించండి సార్. ఏడాదిన్నర ఎక్కువైతే అయింది, నలభై ఏళ్ల కెరీర్‌లో అదెంత. నేను హార్డ్‌వేర్ డిజైన్‌లో ఉన్నాను. బోర్డు మీద సిగ్నల్ స్పీడ్ పెరిగేకొద్దీ రాగి గీతని వైర్ అనుకుంటే కుదరదు, ట్రాన్స్‌మిషన్ లైన్‌లా చూడాలి, రిఫ్లెక్షన్లు (సిగ్నల్ వెనక్కి తన్నడం) లెక్కెయ్యాలి. ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్ సరిగ్గా చదవనివాడు ఆ పని దగ్గరికే రాలేడు. ఇంజనీరింగ్ డిగ్రీకి అబెట్ (ఇంజనీరింగ్, టెక్నాలజీ ప్రోగ్రాములకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు రావాలంటే లెక్కలు, బేసిక్ సైన్సులు కలిపి కనీసం 30 సెమిస్టర్ క్రెడిట్లు ఉండాలి. ఆ రూల్ ఊరికే పెట్టలేదు. ఈఈటీ అంటే అందులోంచి లెక్కలు తీసేసి ల్యాబులు పెంచిన చదువు, ఇందులో దాచడానికేం లేదు.

ప్యానెల్_అన్న
కెపాసిటర్ బ్రో, నువ్వు చెప్పిన బోర్డు డిజైన్ వరకు ఒప్పుకుంటా. కానీ ఎలక్ట్రికల్ పని మొత్తం బోర్డు డిజైనే అన్నట్టు చెప్తున్నావ్, అక్కడే పేచీ. నేను ఈఈటీ చేసి కంట్రోల్స్ ఇంజనీర్‌గా చేస్తున్నా, నా ఆఫర్ లెటర్ మీదా బ్యాడ్జి మీదా ఇంజనీర్ అనే ఉంది.

ఒక పని చెప్తా వినండి. ప్లాంట్‌లో పెద్ద బ్లోయర్, అంటే గాలి తోసే ఫ్యాన్, 480 వోల్టుల వీఎఫ్‌డీ (మోటార్ స్పీడ్ మార్చే డ్రైవ్) మీద నడుస్తుంది. స్టాప్ నొక్కితే చాలు డ్రైవ్ ట్రిప్, స్క్రీన్ మీద డీసీ బస్ ఓవర్‌వోల్టేజ్ అని వస్తుంది, అంటే డ్రైవ్ లోపలి డీసీ లైన్‌లో వోల్టేజ్ మితిమీరిందని. అప్పటికే సప్లై వోల్టేజ్ ఎక్కువొస్తోందేమోనని రెండు షిఫ్టుల వాళ్లు మీటర్ పట్టుకుని తిరిగారు, సప్లై చూస్తే బంగారంలా ఉంది. అసలు విషయం ఏంటంటే డీసెలరేషన్ టైమ్ ఎవరో 5 సెకన్లు పెట్టారు. అంత బరువున్న ఫ్యాన్‌ని 5 సెకన్లలో ఆపమంటే మోటార్ జనరేటర్‌గా మారి కరెంటుని వెనక్కి డ్రైవ్‌లోకి తోస్తుంది, మామూలప్పుడు 650 వోల్టుల దగ్గర ఉండే బస్ 800 దాటేస్తుంది, డ్రైవ్ తనని తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది. టైమ్ పెంచాం, పోయింది. టైమ్ పెంచడం కుదరని చోటైతే ఆ శక్తిని వేడిగా తగలేసే బ్రేకింగ్ రెసిస్టర్ పెడతాం. ఇదంతా నాకు కాలేజీ ల్యాబ్‌లోనే అలవాటైంది, మోటారూ డ్రైవూ పీఎల్‌సీ (మెషీన్లని నడిపే చిన్న కంట్రోల్ కంప్యూటర్) మేమే వైరింగ్ చేసుకుని, మేమే ట్రిప్ చేసి, మేమే కారణం వెతుక్కునేవాళ్లం. ఈఈ చేసి వచ్చిన కొత్త కుర్రాళ్లు తెలివైనవాళ్లే, కానీ చాలామందికి మొదటి ఏడాది అంతా ఆ ప్యానెల్ తలుపు తీయడం నేర్చుకోడానికే సరిపోతుంది.

కెపాసిటర్
టైమ్ పెంచితే పోయింది అన్నావ్, సరే అన్నా. ఎంత పెంచాలి? ట్రిప్ స్టాప్ నొక్కగానే ఎందుకొచ్చింది, ఫ్యాన్ ఆగిపోయే ముందు ఎందుకు రాలేదు? దీనికి జవాబు చెప్పేవాడు ఇంజనీరు. నాబ్ తిప్పి చూసి కుదిరింది అనేవాడు కాదు. నేనడిగేది అదే.

ప్యానెల్_అన్న
అడిగావు కాబట్టి చెప్తా. తిరిగే బరువులో ఉండే శక్తి స్పీడ్ వర్గాన్ని బట్టి ఉంటుంది కదా, స్పీడ్ సగానికి వచ్చేసరికి ముప్పావు వంతు శక్తి బయటికి వచ్చేస్తుంది. ఒకే రేటులో తగ్గిస్తున్నప్పుడు వెనక్కొచ్చే పవర్ ఆ క్షణంలో ఉన్న స్పీడ్‌ని బట్టి ఉంటుంది, అంటే ఫుల్ స్పీడ్‌లో, స్టాప్ నొక్కిన క్షణంలోనే అన్నిటికంటే ఎక్కువ. అందుకే మొదట్లోనే ట్రిప్. ఫ్యాన్ ఇనర్షియా డేటా షీట్‌లో ఉంటుంది, దాన్నుంచి ఎన్ని సెకన్లు పెట్టాలో, రెసిస్టర్ అయితే ఎన్ని వాట్లదో కాగితం మీద వేసుకోవచ్చు, మేం వేసే పెట్టాం. ఈ లెక్క ఈఈటీ మూడో ఏడాది మెషీన్స్ కోర్సులోదే బ్రో. మాకూ డెరివేటివ్‌లు, ఇంటిగ్రల్స్, అప్లైడ్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఉన్నాయి. మీరు ఫార్ములాని మ్యాక్స్‌వెల్ సమీకరణాల నుంచి మొదలుపెట్టి రాబడతారు, మేం ఆ ఫార్ములాతో మెషీన్ నడిపిస్తాం. లోతులో తేడా ఉంది, కాదనను. లెక్కలు తీసేశారు అంటే మాత్రం ఊరుకోను.

సబ్‌స్టేషన్_అక్క
ఇద్దరూ కాస్త ఆగండి తమ్ముళ్లూ, ఆయన అడిగింది వాళ్లబ్బాయి గురించి. నేను పవర్ వైపు కన్సల్టింగ్‌లో ఉన్నాను, పీఈ లైసెన్స్ (ప్రొఫెషనల్ ఇంజనీర్‌గా డ్రాయింగుల మీద సీల్ వేసే హక్కు) ఉంది, మా ఆఫీసులో రెండు డిగ్రీల వాళ్లూ ఉన్నారు.

అసలు ఈ రెండు చదువులు విడిపోవడానికి ఒక కారణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంజనీరింగ్ చదువులో సైన్స్ తక్కువైందని ఇక్కడ పెద్ద చర్చ నడిచి 1955లో గ్రింటర్ రిపోర్ట్ వచ్చింది. ఆ తర్వాత ఇంజనీరింగ్ సిలబస్ సైన్స్ వైపు, లెక్కల వైపు జరిగింది, వర్క్‌షాపులు తగ్గాయి. అలా ఖాళీ అయిన జాగాలోకి 1960లలో నాలుగేళ్ల టెక్నాలజీ డిగ్రీలు వచ్చాయి. అంటే ఇది ఈఈలో సీటు రానివాళ్ల కోసం పెట్టిన చదువు కాదు. పర్డ్యూ, ఆర్ఐటీ లాంటి చోట్ల కూడా ఈ డిగ్రీ ఉంది, మీ బంధువుగారికి ఆ మాట చెప్పండి.

కానీ ప్యానెల్ తమ్ముడు చెప్పని సంగతి ఒకటుంది, అదే అసలు తకరారు. అబెట్‌లో ఇంజనీరింగ్ డిగ్రీలని చూసేది ఈఏసీ అనే కమిషన్, టెక్నాలజీ డిగ్రీలని చూసేది ఈటీఏసీ. రెండూ అబెట్టే, కానీ లైసెన్స్ బోర్డులు రెండిటినీ ఒకేలా చూడవు. మీరుండే టెక్సాస్‌లో ఈఏసీ డిగ్రీ ఉంటే నాలుగేళ్ల అనుభవంతో పీఈకి అప్లై చెయ్యొచ్చు, ఈటీఏసీ డిగ్రీ అయితే ఎనిమిదేళ్లు కావాలి. కొన్ని రాష్ట్రాల్లో ఈటీఏసీ డిగ్రీతో అసలు కుదరదు. డ్రాయింగ్ మీద సీల్ వేసి సంతకం పెట్టే పని చెయ్యాలంటే, బిల్డింగుల పవర్ డిజైన్, సబ్‌స్టేషన్లు, సొంత కన్సల్టెన్సీ లాంటివి, ఈ నాలుగేళ్ల తేడా చిన్నది కాదు. పైగా వేరే రాష్ట్రానికి మారాల్సి వస్తే అక్కడి బోర్డు ఒప్పుకోకపోవచ్చు. మా ఆఫీసులో ఒక అమ్మాయి ఈఈటీ చేసింది, పనిలో మా అందరికంటే చురుకు. మోటార్ ఫీడర్ (మోటార్‌కి కరెంటు తెచ్చే వైరు) వేసేటప్పుడు మోటార్ నేమ్‌ప్లేట్ మీది ఆంప్స్ తీసుకుని వైర్ సైజు చేసేవాళ్లు ఎంతమందో, తను మాత్రం ఎప్పుడూ ఎలక్ట్రికల్ కోడ్ (వైరింగ్ నిబంధనల పుస్తకం)లో టేబుల్ తెరుస్తుంది. 10 హెచ్‌పీ, 460 వోల్టుల మోటార్‌కి టేబుల్‌లో 14 ఆంప్స్, దానికి 125 శాతం, 17.5, నేమ్‌ప్లేట్ నంబర్ ఓవర్‌లోడ్ సెట్టింగ్‌కి మాత్రమే. అలాంటి అమ్మాయి డ్రాయింగ్ మీద సీల్ ఇంకొకరు వెయ్యాలి, ఇంకా చాలా ఏళ్లు. నాకది అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ ఉన్న రూల్ అది, చేరకముందే తెలియాలి.

ప్లాంట్లు, డేటా సెంటర్లు, ఆటోమేషన్, టెస్ట్ ఇంజనీరింగ్, ఫీల్డ్ సర్వీస్ ఇలాంటి చోట్ల లైసెన్స్ ఊసే రాదు, అక్కడ ఈఈటీకి ఢోకా లేదు. ఫెడరల్ ఉద్యోగాల్లో మాత్రం 0850 అనే ఎలక్ట్రికల్ ఇంజనీర్ సిరీస్‌కి ఇంజనీరింగ్ డిగ్రీనే మొదట చూస్తారు, ఈఈటీ వాళ్లు ఎఫ్‌ఈ పరీక్ష (పీఈ లైసెన్స్ దారిలో తొలి పరీక్ష) పాసైతే ఫెడరల్ జీతాల స్కేల్‌లో జీఎస్-5 స్థాయిలో వాళ్ల స్పెషలైజేషన్‌కి దగ్గరి పోస్టులకి దారి ఉంటుంది.

ఎమ్మెస్_ప్రయత్నం
అక్క చెప్పిన దానికి ఇంకోటి కలుపుతా. ఈఈటీ తర్వాత నేను ఈఈలో మాస్టర్స్‌కి అప్లై చేశా. అడ్మిషన్ ఇచ్చారు గానీ ముందు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, ఫీల్డ్స్, ఇంకో మ్యాథ్ కోర్సు లెవలింగ్ కింద చెయ్యాలన్నారు, వాటి క్రెడిట్లు డిగ్రీలో లెక్కకి రావు. ఇంకో యూనివర్సిటీ అయితే టెక్నాలజీ డిగ్రీ అని చూసి మొహం మీదే కాదన్నది. సిగ్నల్స్ కోర్సులో ఫోరియర్ లెక్కల దగ్గర మొదటి నెల నరకం చూశా, క్లాస్‌లో మిగతావాళ్లకి అది రెండోసారి, నాకు మొదటిసారి. కెపాసిటర్ అన్న మాట కటువుగా ఉన్నా ఆ మేరకు నిజం. పిల్లాడికి రీసెర్చ్, చిప్ డిజైన్, ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నళ్ల డిజైన్) మీద ఆశ ఏమాత్రం ఉన్నా ఇప్పుడే ఈఈకి వెళ్లడం నయం, తర్వాత మారడం చాలా ఖరీదు.

ఎఫ్1_రాము
మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకండి, స్టూడెంట్ వీసా మీద ఈఈటీ చేస్తే స్టెమ్ ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పని చేసుకునే అనుమతి పొడిగింపు) వస్తుందా?

సబ్‌స్టేషన్_అక్క
వస్తుంది, ఈ డిగ్రీకి మామూలుగా ఇచ్చే కోడ్ 15.0303 స్టెమ్ లిస్టులో ఉంది, 12 నెలలు ప్లస్ 24. మీ ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మీద అదే కోడ్ ఉందో లేదో చూసుకో.

టెక్సాస్_నాన్న
చాలా థ్యాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మావాడికి ఇదంతా చదివి వినిపించా. రీసెర్చ్, చిప్పులు వద్దంట, ఆ బ్లోయర్ పని లాంటిది కావాలంట. ఒక డౌటు. మేం చూసిన ఒక ప్రోగ్రామ్‌కి కాలేజీ అక్రెడిటేషన్ (గుర్తింపు) ఉంది అన్నారు, అబెట్ గురించి అడిగితే మాట దాటేశారు. అది సరిపోతుందా?

సబ్‌స్టేషన్_అక్క
సరిపోదు. కాలేజీ అక్రెడిటేషన్ వేరు, ప్రోగ్రామ్ అక్రెడిటేషన్ వేరు. అబెట్ సైట్‌లో కాలేజీ పేరు కొట్టి, సరిగ్గా అదే డిగ్రీ, అదే క్యాంపస్ ఈటీఏసీ కింద ఉందో లేదో చూడండి. అక్కడ లేకపోతే ఎంత తక్కువ ఫీజైనా వద్దు, ఆ ఎనిమిదేళ్ల దారి కూడా అనుమానంలో పడుతుంది. ఆఖరి ఏడాదిలో పాఠాలు తాజాగా ఉండగానే ఎఫ్‌ఈ రాయించండి, 110 ప్రశ్నలు, 5 గంటల 20 నిమిషాలు. అందులో ఎలక్ట్రోమాగ్నెటిక్స్, సిగ్నల్ ప్రాసెసింగ్ ప్రశ్నలుంటాయి, ఈఈటీ సిలబస్‌లో అవి పలచగా ఉంటాయి కాబట్టి విడిగా చదువుకోవాలి.

కెపాసిటర్
అబ్బాయికి ఆ పనే ఇష్టమైతే చేరనివ్వండి సార్, అయినా ఎలెక్టివ్స్ విషయంలో నా మాట వినండి. సులువుగా ఉంటాయని మేనేజ్‌మెంట్ కోర్సులు తీసుకోనివ్వకండి. క్యాలిక్యులస్ 2, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, కుదిరితే లీనియర్ ఆల్జీబ్రా, ఇవి మ్యాథ్ డిపార్ట్‌మెంట్‌లోనే, ఇంజనీరింగ్ వాళ్లు కూర్చునే సెక్షన్‌లోనే చెయ్యమనండి. రేపు మాస్టర్స్ అనిపించినా, లైసెన్స్ అనిపించినా ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆ కోర్సులు ఉంటే మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది.

ప్యానెల్_అన్న
దీనికి మాత్రం నేనూ ఓటేస్తా. ఇంకోటి, చేరేముందు వాడిని ల్యాబ్ చూడమనండి. మోటార్ డ్రైవులు, పీఎల్‌సీలు పిల్లలు చేతులు పెట్టేలా ఉన్నాయా లేక అంతా కంప్యూటర్‌లో సిమ్యులేషనేనా అని, సెమిస్టర్ మధ్యలో ఒక మామూలు రోజు వెళ్లి చూస్తే తెలిసిపోతుంది. ల్యాబ్ లేని ఈఈటీకి ఈఈలో ఉండే లెక్కల బలమూ ఉండదు, ఈఈటీకి ఉండాల్సిన చేతిపనీ రాదు.

టెక్సాస్_నాన్న
అబెట్ సైట్‌లో చూశాం. అనుకున్న రెండిట్లో ఒకటే ఈటీఏసీ కింద ఉంది, మాట దాటేసింది రెండోది. ఉన్నదానికి వచ్చే వారం వాడే వెళ్లి ల్యాబ్ చూసొస్తానన్నాడు, క్యాలిక్యులస్ 2 వేసవిలోనే మొదలుపెడతానన్నాడు. మా ఆవిడ కూడా అక్కయ్యగారి పోస్టు రెండుసార్లు చదివింది, ఎఫ్‌ఈకి ఏ పుస్తకాలు కొనాలో అడగమంటోంది.