బ్లూ టాంగ్ మీద తెల్ల మచ్చలు పోయి మళ్లీ వచ్చాయి: పెద్ద ట్యాంకులోనే మందు వేయవచ్చా?

పగడపుదిబ్బ (హైదరాబాద్):
సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండేళ్లుగా నడుస్తున్న 300 లీటర్ల ఉప్పునీటి ట్యాంకులో రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, రెండు క్లీనర్ రొయ్యలు, కొన్ని హెర్మిట్ పీతలు ఉన్నాయి. మూడు వారాల క్రితం ఒక చిన్న బ్లూ టాంగ్ చేపను తెచ్చి, సంచిని అరగంటసేపు నీటిపై తేల్చి, నేరుగా ట్యాంకులో వదిలాను. అయిదో రోజుకు దాని రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లని చుక్కలు కనిపించాయి. వెల్లుల్లి రసంలో నానబెట్టిన మేత పెట్టాను. నాలుగు రోజుల్లో చుక్కలన్నీ రాలిపోవడంతో వైద్యం ఫలించిందనుకున్నాను. ఇప్పుడు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువగా, క్లౌన్ చేపల మీద కూడా కనిపిస్తున్నాయి. దుకాణదారు ఈ ట్యాంకులోనే రాగి మందు వేయమంటున్నారు. వేయవచ్చా?

ఉప్పుగాలి (విశాఖపట్నం):
దయచేసి వేయకండి. రాగి మీ రొయ్యలను, పీతలను ముందుగా చంపుతుంది. పైగా లైవ్ రాక్ (సూక్ష్మజీవులు నివసించే సముద్రపు రాళ్లు), ఇసుక రాగిని పీల్చుకుంటాయి కనుక నీటిలో మందు మోతాదు నిలవదు.

మీరు చెప్పిన లక్షణాలు క్రిప్టోకారియాన్ అనే సూక్ష్మ పరాన్నజీవివి. అది చేప చర్మంలో దూరి మూడు నుంచి ఏడు రోజులు తిని బలిసిన తరువాత తనంతట తానే ఊడిపడి, రాయికో ఇసుకకో గాజుకో అంటుకుని చుట్టూ గట్టి పెంకు కట్టుకుంటుంది. ఆ పెంకులో అది వందల పిల్లలుగా విడిపోతుంది. అవి బయటపడి చేపను వెతుక్కుంటూ ఈదుతాయి. చర్మంలో ఉన్నదానిని గానీ, పెంకులో ఉన్నదానిని గానీ మందు తాకలేదు, ఈదే దశలో మాత్రమే చంపగలదు. అంటే మీ చేప శుభ్రంగా కనిపించిన ఆ రోజుల్లో జబ్బు తగ్గలేదు, ఇసుకలో పెరుగుతూ ఉంది. వెల్లుల్లికి ఇందులో పాత్ర లేదు.

చేయవలసింది ఒక్కటే: ప్రతి చేపనూ, మచ్చ ఉన్నా లేకపోయినా, వేరే ట్యాంకులోకి మార్చి వైద్యం చేయండి. పెద్ద ట్యాంకును 76 రోజులు చేప లేకుండా నడపండి. పెంకు 72 రోజులకు పగిలిన సందర్భం కూడా నమోదై ఉండటం వల్లనే ఈ లెక్క వచ్చింది. రొయ్యలు, పీతలు అక్కడే ఉండవచ్చు.

పట్టుకోవడం మాత్రం తేలిక కాదు. నేను రాత్రి పదకొండు దాకా రాళ్లన్నీ తీసి బకెట్లలో పెట్టినా గోబీ దొరకలేదు. చివరికి బకెట్‌లో ఉన్న రాయిని ఎత్తి చూస్తే దాని రంధ్రంలోంచి తోక బయటికి వచ్చింది!

నీలిఅల (డాలస్):
రాగి వాడేవారు ఏ రకం రాగి అన్నది ముందుగా చూడాలి. కీలేటెడ్ రాగికి (వేరే పదార్థంతో బంధించిన రకం) లీటరుకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు ఉండాలి. అలా బంధించని అయానిక్ రకానికి 0.5 చాలు. ఒకదాని మోతాదు మరొకదానిలో పోస్తే చేప చస్తుంది, లేదా జబ్బు బతుకుతుంది. నేను మోతాదును ఒక్కరోజులో కాక నాలుగైదు రోజుల్లో పెంచుతాను. పూర్తి మోతాదు చేరిన రోజు నుంచి 30 రోజులు లెక్క పెడతాను. ఒక్కపూట తగ్గినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. మొదటిసారి రాత్రి పసుపు దీపం కింద రంగుల కార్డుతో పోల్చి చూసి, మోతాదు ఎక్కువై రెండు చేపలను పోగొట్టుకున్నాను. ఇప్పుడు అంకె చూపే చిన్న డిజిటల్ మీటరుతోనే పరీక్షిస్తున్నాను. రాగి ఉన్న నీటిలో మందును పీల్చేసే ఫిల్టర్ కార్బన్ (బొగ్గు) పెట్టకూడదు. అమ్మోనియాను బంధించే ద్రావణాలు కూడా పోయకూడదు, కొన్ని రాగి మందులతో అవి కలిస్తే విషమవుతుంది.

కృష్ణాతీరం (విజయవాడ):
రాగి దొరకని చోట లవణీయత తగ్గించే పద్ధతి ఉంది. సాధారణంగా 1.025 ఉండే నీటి సాంద్రతను రెండు రోజుల్లో 1.009కి దించి, చివరి మచ్చ కనిపించిన తరువాత కూడా 30 రోజులు అలాగే ఉంచాలి. 1.011 అయితే చాలదు. ఆ తేడాయే మొత్తం వైద్యం కనుక ముల్లు తిరిగే చవక పరికరాన్ని నమ్మకండి, రిఫ్రాక్టోమీటరును (కాంతి వంపుతో ఉప్పు కొలిచే పరికరం) డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకు సరిచూసుకోండి. తిరిగి పెంచేటప్పుడు వారం తీసుకోండి. ఇదీ చేపలు మాత్రమే ఉన్న వేరే ట్యాంకుకే.

నీటిలెక్క (చెన్నై):
మొదట ఒక మాట చూసుకోండి. చేప పంపు ప్రవాహానికి ఎదురుగా నిలబడి వేగంగా మొప్పలు ఆడిస్తూ, వెలుతురుకు దాక్కుంటూ, ఒంటి మీద సన్నని పొడి చల్లినట్టు ఉంటే అది వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బు. దానికి వారాల గడువు ఉండదు, రెండు మూడు రోజుల్లోనే ట్యాంకు ఖాళీ అవుతుంది. అలాంటప్పుడు లవణీయత తగ్గించి ప్రయోజనం లేదు, రాగి వెంటనే మొదలుపెట్టాలి.

ఉప్పుగాలి (విశాఖపట్నం):
నీటిలెక్క గారి మాట ముఖ్యమైనది. నివారణ గురించి నా అలవాటు చెబుతాను. క్వారంటైన్ ట్యాంకులో ఇసుక, రాయి ఉండవు. దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు, ఒక హీటరు, ఒక స్పాంజి ఫిల్టర్ చాలు. ఆ స్పాంజిని నెలరోజుల ముందే పెద్ద ట్యాంకు సంపులో (కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో) వేసి ఉంచితే మంచి బ్యాక్టీరియా పట్టి ఉంటుంది. లేకపోతే జబ్బు కంటే ముందే అమ్మోనియా చంపుతుంది, ఉప్పునీటి పీహెచ్‌లో దాని విషం మరీ ఎక్కువ. ఆ ట్యాంకుకు వల, బకెట్, గొట్టం విడిగా ఉంచండి. కరెంటు పోతే ఆగకుండా బ్యాటరీ ఎయిర్ పంపు కూడా కొనండి.

క్లౌన్ చేపలు కొనేటప్పుడు హేచరీలో పుట్టినవేనా అని అడగండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) విళింజం, మండపం కేంద్రాలు వీటిని పొదిగించే పద్ధతిని చాలాకాలం క్రితమే నిరూపించాయి. దుకాణంలో చేప మేత తినడం కళ్లారా చూడకుండా కొనవద్దు. ఈగల రెక్కల్లా పారదర్శకంగా ఉండే ఫ్లూక్ పురుగులు ఉన్నాయేమోనన్న అనుమానం ఉంటే, ఉష్ణోగ్రత, పీహెచ్ సరిచేసి గాలి బుడగలు పట్టించిన మంచినీటిలో చేపను అయిదు నిమిషాలు ముంచండి. అవి తెల్లబడి అడుగున రాలతాయి. వాటికి మందు ప్రాజిక్వాంటెల్, రాగి కాదు.

పగడపుదిబ్బ (హైదరాబాద్):
అందరికీ ధన్యవాదాలు. మొదట లవణీయత తగ్గించేటప్పుడు ముల్లు పరికరం నిజంగానే 1.009 చూపిస్తే రిఫ్రాక్టోమీటరు 1.013 చూపింది. రాగి దొరికాక అటు మారాను. బ్లూ టాంగ్, ఒక క్లౌన్ చేప, గోబీ కోలుకున్నాయి. రెండో క్లౌన్ చేప మాత్రం మూడో రోజున మేత మానేసి, ఆ రాత్రే పోయింది. పెద్ద ట్యాంకు ఖాళీ అయి ఈ రోజుకు 41 రోజులు. నిన్న ఒక మిత్రుడు తన ట్యాంకులోంచి గాజు శుభ్రం చేసే నత్తలు ఇస్తానన్నాడు. వాటి చిప్పలకు పరాన్నజీవి పెంకులు అంటుకుని ఉంటే నా 41 రోజులూ వృథా అవుతాయని, ఇంకా 35 రోజులు ఆగమన్నాను.