మందారానికి పిండినల్లి, కుండీల్లో తుంగ: రసాయన మందు కొట్టకుండా ఎలా?

మధురవాడ మిద్దె:
అందరికీ నమస్కారం. మేడ మీద నలభై కుండీలు పెంచుతున్నాను. రెండు వారాలుగా మందారం మొగ్గలకి దూది అంటించినట్టు పిండినల్లి పట్టింది. మొగ్గలు విచ్చకుండానే రాలిపోతున్నాయి. లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె చొప్పున మూడుసార్లు కొట్టాను. నాలుగు రోజులు తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ మామూలే. మా పాపకి నాలుగేళ్లు, రోజంతా ఆ కుండీల మధ్యే ఆడుతుంది, అందుకే రసాయన మందుల జోలికి వెళ్లను. ఇంకో టెన్షన్ తుంగ. టమాటా కుండీల్లో పీకిన వారానికే మళ్లీ మొలుస్తోంది.

గోపాలపట్నం పెరడు:
నూనెని దేంతో కలిపారండి? ఉత్త నీళ్లలో పోస్తే పైకి తేలిపోతుంది, ఆకుకి పట్టదు. నేను గుప్పెడు కుంకుడుకాయలు రాత్రి నానబెట్టి, పొద్దున్న పిసికి, పలచని బట్టలో వడకడతాను. ఆ రసంలో నూనె పోసి పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి, తర్వాత నీళ్లలో కలుపుతాను. ముందు ఒక కొమ్మ మీద కొట్టి, ఒకరోజు ఆగి చూడండి. ఎండ తగ్గాకే కొట్టాలి. ఎండలో ఆకు మాడుతుంది, వేప గుణమూ త్వరగా పోతుంది. ఆకుల అడుగు కూడా బాగా తడవాలి.

సీతమ్మధార కుండీలు:
నూనె సంగతి తర్వాత బాబూ, ముందు చీమల్ని చూడు. పిండినల్లి తీపి జిగురు వదులుతుంది. దానికోసం చీమలు చేరి, నల్లిని తినడానికొచ్చే పురుగుల్ని తరిమేస్తాయి, నల్లి పిల్లల్ని కొత్త కొమ్మలకి మోసుకుపోతాయి కూడా. నాకిది తెలియక రెండేళ్లు మొక్కలు పాడయ్యాయి. ఒక పొద్దున్న కాఫీ గ్లాసుతో అక్కడే కూర్చుని చూశాను. పిట్టగోడ మీంచి బట్టలారేసే తాడు, తాడు మీంచి మందారం కొమ్మ: అదీ వాటి దారి! తాడుకి తగిలే కొమ్మ కత్తిరించాను. కుండీ స్టాండు కాళ్ల కింద సబ్బునీళ్ల పళ్లేలు పెట్టాను. బాగా పట్టిన చిగుళ్లు తుంచి సబ్బునీళ్లలో ముంచేశాను, మిగిలినవాటిని పైపు నీళ్లతో గట్టిగా కడిగాను. మూడు వారాలకి పూలు విచ్చాయి. పళ్లేల్లో నీళ్లు రెండు రోజులకోసారి మార్చాలి, లేకపోతే దోమలు చేరతాయి.

రుషికొండ వైపు:
సీతమ్మధార అమ్మ చెప్పింది నిజం. ఒక జాగ్రత్త చెప్తాను. క్రిప్టోలీమస్ అని ఒకరకం అక్షింతల పురుగు ఉంది, పిండినల్లినే తింటుంది. దాని పిల్ల అచ్చం పిండినల్లిలాగే తెల్ల పోగులతో ఉంటుంది, కాకపోతే బాగా పెద్దది, చురుగ్గా నడుస్తుంది. తెలియక నేను బ్రష్షుతో వాటినే రుద్ది చంపేశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది. పుల్లతో కదిపి, నడిస్తే వదిలేయండి.

పెందుర్తి తోట:
తుంగ గురించి. దాని బలమంతా మట్టిలో గొలుసులా అల్లుకున్న గడ్డల్లో ఉంటుంది. పైన పీకితే కాడ తెగి గడ్డ లోపలే ఉండిపోతుంది. కొన్న ఎర్రమట్టితోనే నాకు వచ్చింది. నల్ల షీటు కప్పితే దాన్ని కూడా పొడుచుకుని పైకొచ్చింది. కోపంతో ఒక మడిలో ఉప్పునీళ్లు పోశాను, ఆ మడిలో తర్వాత తోటకూర కూడా మొలవలేదు. దయచేసి ఆ పని చేయకండి. పంట అయ్యాక కుండీ మట్టి మొత్తం టార్పాలిన్ మీద పోసి, పలచగా పరిచి, రెండు వారాలు ఎండబెట్టండి. జల్లించి గడ్డలు ఏరేయండి. కంపోస్టులో మాత్రం వేయొద్దు. మిగతా కలుపుకి రెండు మూడు అంగుళాల ఎండుటాకులు కప్పితే చాలు. గంగపావిలి మొలిస్తే మేం పప్పులో వేసుకుంటాం.

మధురవాడ మిద్దె:
అమ్మా, మా ఇంట్లో చీమలు డ్రిప్ పైపు మీంచి ఎక్కుతున్నాయి! పైపు జరిపి పళ్లేలు పెట్టాను. ఒక కొమ్మ మీద పెద్ద తెల్లవి మూడు కనిపించాయి, పుల్ల తగలగానే చకచకా నడిచాయి. ఆ కొమ్మ జోలికి ఎవరూ వెళ్లొద్దని ఇంట్లో చెప్పాను. టమాటా కాపు అయిపోయింది, ఆదివారం మట్టి దింపుతాను. జల్లెడ కన్ను ఎంత ఉండాలండి?

పెందుర్తి తోట:
ఇసుక జల్లెడ చాలండి. చిన్న గడ్డలు శనగగింజంతే ఉంటాయి, జారిపోయినవి చేత్తో ఏరుకోవాలి.